మ్యాగజైన్ తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ కాదు: సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పనితీరు, దాన్ని జాగ్రత్తగా వాడే పద్ధతి

పిస్టల్ పొరపాటున పేలిన చోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఖాళీగా ఉందనుకున్నాను." ఆ మాట అన్నవారు సాధారణంగా అబద్ధం చెప్పరు. తూటాలు పేర్చే పెట్టె, అంటే మ్యాగజైన్, తీసేశారు, అది ఎదురుగా బల్లమీదే ఉంది, ఇక లోపల తూటా ఎక్కడిది అనుకున్నారు. ఆ ఒక్క తూటా ఎక్కడ దాక్కుంటుందో, అక్కడికి ఎలా చేరుతుందో తెలిస్తే భద్రతా నియమాలను బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. ఏ పని ముందు చేయాలో, ఏది తరువాతో యంత్రమే చెబుతుంది. అందుకే ముందు యంత్రం సంగతి చూసి, ఆ తరువాత చేతుల సంగతికి వద్దాం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది చదివి నేర్చుకునే విద్య కాదు, చదివాక నేర్చుకోవలసిన విద్య. మొదటిసారి పిస్టల్ పట్టుకునేటప్పుడు అనుమతి ఉన్న ఫైరింగ్ రేంజ్‌లో, శిక్షకుడి పక్కనే ఉండాలి. మీ చేతిలో ఉన్న మోడల్‌కు తయారీదారు ఇచ్చిన సూచనల పుస్తకం అప్పటికే చదివి ఉండాలి. ఒక పిస్టల్‌కు సరిపోయిన మాట ఇంకో దానికి సరిపోకపోవచ్చు.

తూటా

వాడుకలో అంతటినీ తూటా అనే అంటాం గాని, అందులో నాలుగు భాగాలున్నాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున మధ్యలో ప్రైమర్, లోపల మందు, పైన బిగించిన బుల్లెట్. ప్రైమర్‌కు దెబ్బ తగిలితే నిప్పు పుడుతుంది. ఆ నిప్పుకు మందు అంటుకుని అతి వేగంగా కాలిపోతుంది, వాయువుగా మారుతుంది. ఆ వాయువు బుల్లెట్‌ను నెట్టుకుంటూ గొట్టంలోంచి బయటకు తోస్తుంది.

పిస్టళ్లలో నేడు ఎక్కువగా వాడే తూటా 9×19 మిల్లీమీటర్లది. జార్జ్ లూగర్ దీన్ని 20వ శతాబ్దం ఆరంభంలో రూపొందించారు. ఇందులో పుట్టే పీడనానికి యూరప్ ప్రమాణాలు పెట్టిన గరిష్ఠ హద్దు 2,350 బార్లు. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటుందని గుర్తుచేసుకుంటే, ఇది దానికి వెయ్యి రెట్ల లెక్క. ఏడెనిమిది గ్రాముల బుల్లెట్ సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. అంటే గాలిలో ధ్వని వేగంతో దాదాపు సమానం. గురి తప్పితే కిలోమీటరు దాటి కూడా వెళ్లగలదు. ఆకాశంలోకి కాల్చినా అది ఎక్కడో ఒకచోట దిగాల్సిందే.

లోపల ఏం జరుగుతుంది

పిస్టల్‌లో పెద్ద భాగాలు రెండు. చేతిపిడితో కలిసి కింద ఉండేది ఫ్రేమ్. దాని మీద గాడుల్లో ముందుకూ వెనక్కూ జారేది స్లైడ్. స్లైడ్ లోపల బ్యారెల్ అనే గొట్టం, దాని కింద గట్టి స్ప్రింగు ఉంటాయి. బ్యారెల్ వెనుక కొసన తూటా సరిగ్గా కూర్చునే చోటే ఛాంబర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, ప్రమాదాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పిడి లోపల బోలుగా ఉంటుంది. తూటాలు పేర్చిన మ్యాగజైన్ అందులోకి కింది నుంచి దూరుతుంది. మ్యాగజైన్‌లో ఉన్న స్ప్రింగు తూటాలను ఎప్పుడూ పైకి నెడుతూ ఉంటుంది.

ఇప్పుడు నిండు మ్యాగజైన్ పెట్టి, స్లైడ్‌ను చివరిదాకా వెనక్కి లాగి వదిలారనుకోండి. వెనక్కి వెళ్తూ అది సుత్తిలా కొట్టే హ్యామర్‌ను ఎక్కుపెడుతుంది. స్ప్రింగు బలంతో ముందుకు దూకుతూ మ్యాగజైన్‌లోని పై తూటాను నెట్టుకెళ్లి ఛాంబర్‌లో కూర్చోబెడుతుంది. బయట హ్యామర్ కనిపించని పిస్టళ్లలో చాలావాటికి లోపల స్ట్రైకర్ ఉంటుంది, అదే స్ప్రింగు బలంతో వెళ్లి ప్రైమర్‌ను పొడుస్తుంది. ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంపిక చేసుకున్న గ్లాక్ 17 ఈ స్ట్రైకర్ పద్ధతికి విస్తృత ప్రచారం తెచ్చింది.

ట్రిగ్గర్ నొక్కగానే, హ్యామర్‌ను పట్టి ఉంచిన సియర్ అనే చిన్న మెట్టు పక్కకు తప్పుకుంటుంది. హ్యామర్ వెళ్లి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది, పిన్ ప్రైమర్‌ను కొడుతుంది, తూటా పేలుతుంది. బుల్లెట్‌ను ముందుకు తోసిన వాయువే ఖాళీ తొడుగును వెనక్కి తోస్తుంది. ఈ వెనక్కి తోసే బలాన్ని వాడుకునే యంత్రమే సెమీ ఆటోమేటిక్ పిస్టల్.

అయితే ఇక్కడ చిక్కు ఒకటుంది. బుల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే ఛాంబర్ తెరుచుకుంటే అంత పీడనమూ కాల్చేవాడి ముఖం వైపే వస్తుంది. అందుకని మొదటి కొన్ని మిల్లీమీటర్లూ బ్యారెల్, స్లైడ్ ఒకదాన్నొకటి పట్టుకుని కలిసే వెనక్కి జరుగుతాయి. అప్పటికి బుల్లెట్ బయటపడి పీడనం తగ్గిపోతుంది. అప్పుడు బ్యారెల్ వెనుక కొస కాస్త కిందికి వాలి పట్టు విడుస్తుంది, అక్కడి నుంచి స్లైడ్ ఒంటరిగా వెళ్తుంది. జాన్ బ్రౌనింగ్ ఆలోచన ఇది. అమెరికా సైన్యం 1911లో తీసుకున్న పిస్టల్‌లోనూ, 1935 నాటి హై పవర్‌లోనూ ఉన్నది ఇదే, ఇప్పటి పిస్టళ్లలో అధికభాగం నడిచేదీ ఈ బాటలోనే. తక్కువ శక్తి గల తూటాలు వాడే చిన్న పిస్టళ్లకు ఇంత ఏర్పాటు అక్కర్లేదు. వాటిలో బ్యారెల్ కదలదు, స్లైడ్ బరువూ స్ప్రింగు బిగువూ కలిసి ఆ కాస్త జాప్యం కల్పిస్తాయి.

వెనక్కి వెళ్లే స్లైడ్‌కు ఉన్న చిన్న కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్, ఖాళీ తొడుగును అంచు పట్టి లాక్కొస్తుంది. ఫ్రేమ్ మీద ఉన్న ఎజెక్టర్‌కు తగిలి ఆ తొడుగు పక్కనున్న కిటికీలోంచి బయటకు ఎగురుతుంది. హ్యామర్ మళ్లీ ఎక్కుతుంది, స్లైడ్ ముందుకు దూకుతుంది, ఇంకో తూటా ఛాంబర్‌లో కూర్చుంటుంది. ఇదంతా జరగడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. ఈలోగా మీ వేలు ట్రిగ్గర్‌ను నొక్కిపట్టే ఉన్నా రెండో తూటా పేలదు, ఎందుకంటే డిస్‌కనెక్టర్ అనే భాగం ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య లంకె తెంచేస్తుంది. వేలు వదిలి మళ్లీ నొక్కితేనే ఇంకో తూటా. ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా కనుకే దీన్ని పూర్తి ఆటోమేటిక్ అనరు.

ఈ చక్రం నుంచి మూడు సంగతులు తేలుతాయి. కాల్చిన ప్రతిసారీ మీరు ఏమీ చేయకుండానే ఇంకో తూటా కాల్పుకు సిద్ధమై కూర్చుంటుంది. ఛాంబర్‌లోకి చేరిన తూటాకు మ్యాగజైన్‌తో ఇక సంబంధం లేదు, మ్యాగజైన్ తీసినా అది అక్కడే ఉంటుంది. స్లైడ్ మూసి ఉంటే లోపల తూటా ఉందో లేదో బయటికి తెలియదు. కొన్ని మోడళ్లలో తూటా ఉన్నట్టు చూపే చిన్న సూచిక ఉంటుంది గాని, దాన్ని నమ్మి తనిఖీ మానేయకండి.

సినిమాల్లో బెదిరించే ప్రతిసారీ స్లైడ్‌ను చప్పుడు చేస్తూ లాగుతారు. ఛాంబర్‌లో తూటా ఉండగా అలా లాగిన ప్రతిసారీ పేలని తూటా ఒకటి నేలమీద పడాలి. ఎప్పుడూ పడినట్టు చూపించరు.

నాలుగు నియమాలు

అమెరికా మెరైన్ దళంలో పనిచేసి, తరువాత కాల్పుల శిక్షకుడిగా పేరు పొందిన జెఫ్ కూపర్ క్రోడీకరించిన నాలుగు నియమాలనే ప్రపంచంలో చాలాచోట్ల చెబుతారు. తుపాకీ ఏదైనా లోడ్ అయి ఉన్నట్టే చూడండి. నాశనం చేయదలచుకోని దేని వైపూ మూతి (గొట్టం ముందు కొస) తిప్పకండి. గురి లక్ష్యం మీద కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి. లక్ష్యం ఏమిటో, దాని వెనుక ఏముందో తెలుసుకోండి.

వీటి అందం ఏమిటంటే, ఒకటి తప్పినా మిగిలినవి కాపాడతాయి. తూటా ఉన్న సంగతి మరిచినా, మూతి సురక్షిత దిశలో ఉంటే గోడకు చిల్లు పడుతుంది, అంతే. ప్రాణం పోవాలంటే రెండు నియమాలైనా ఒకేసారి తప్పాలి. నన్నడిగితే మూతి దిశకే మొదటి స్థానం ఇస్తాను. మిగతావన్నీ మతిమరుపుతో పోవచ్చు, దిశ ఒక్కటీ కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది.

వేలి సంగతీ చెప్పాలి. చూపుడు వేలును ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయట, ఫ్రేమ్ పక్కన చాచి ఆనించండి. గార్డు అంచు మీద వంచి పెట్టినా చాలదు. ఉలిక్కిపడినప్పుడు, తూలినప్పుడు, రెండో చేత్తో దేన్నయినా గట్టిగా పట్టుకున్నప్పుడు వేళ్లన్నీ తమంతట తామే ముడుచుకుంటాయి. అప్పుడు వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉంటేనే మేలు.

సేఫ్టీ మీటల మీద ఎంత నమ్మకం పెట్టాలి

కొంతే. కొన్ని పిస్టళ్లకు బొటనవేలితో కదిపే సేఫ్టీ మీట ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు. 1911 తరహా పిస్టల్‌లో మీట పైకి నెడితే సేఫ్టీ పడుతుంది. బెరెట్టా 92 కుటుంబంలోని చాలా మోడళ్లలో స్లైడ్ మీద ఉన్న మీట కిందికి దించితే పడుతుంది. ఒకదానికి అలవాటుపడిన బొటనవేలు ఇంకోదాన్ని చేతిలోకి తీసుకుంటే సరిగ్గా తిరగబడిన పని చేస్తుంది. హై పవర్‌లో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు, కానీ ఎన్నో పిస్టళ్లు మ్యాగజైన్ లేకుండానే ఛాంబర్‌లోని తూటాను పేలుస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే తప్ప ఫైరింగ్ పిన్‌ను కదలనివ్వని అడ్డు చాలా కొత్త పిస్టళ్లలో ఉంటుంది, పాతవాటిలో చాలావాటికి లేదు, అవి కిందపడితే పేలే ప్రమాదం ఉంది. మీట వాడండి. కానీ మీట వేశాను కదా అని మూతిని అటూ ఇటూ తిప్పకండి.

ఖాళీ చేసి తనిఖీ చేయడం

ఈ క్రమం మాత్రం తు.చ. తప్పకుండా పాటించాలి.

1. మూతిని సురక్షిత దిశలో ఉంచండి. రేంజ్‌లో అయితే లక్ష్యాల వైపు. ఇతర చోట్ల బుల్లెట్‌ను నిజంగా ఆపగల దాని వైపు. పలుచని గోడ, తలుపు, చెక్క పార్టిషన్ బుల్లెట్‌ను ఆపవు.

2. వేలు ట్రిగ్గర్ గార్డు బయట ఉంచండి. సేఫ్టీ వేసి ఉన్నా స్లైడ్ కదిలే మోడల్ అయితే సేఫ్టీ వేయండి. 1911 లాంటి వాటిలో సేఫ్టీ వేస్తే స్లైడ్ బిగిసిపోతుంది కనుక తీయక తప్పదు.

3. మ్యాగజైన్‌ను బయటకు తీసి పక్కన పెట్టండి. మ్యాగజైన్‌ను వదిలే మీట నొక్కి ఊరుకోకండి, మ్యాగజైన్ నిజంగా బయటకు వచ్చిందో లేదో చూడండి.

4. స్లైడ్‌ను చివరిదాకా గట్టిగా వెనక్కి లాగండి. ఛాంబర్‌లో తూటా ఉంటే బయటకు ఎగురుతుంది. పడనివ్వండి. కిటికీ మీద అరచేయి అడ్డుపెట్టి పట్టుకునే విన్యాసం కొందరు చేస్తారు. తూటా ఇరుక్కుని ప్రైమర్ ఎజెక్టర్‌కు తగిలితే అరచేతిలోనే పేలగలదు.

5. స్లైడ్‌ను వెనక్కి లాగి, దాన్ని అక్కడే పట్టి ఉంచే స్లైడ్ స్టాప్ మీటతో బిగించండి. ఛాంబర్ లోపలికి చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి, మ్యాగజైన్ దూరే బోలు గుండా కూడా చూడండి. వెలుతురు చాలకపోతే కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు.

6. ఒకసారి చూపు పక్కకు తిప్పి, మళ్లీ మొదటి నుంచి చూడండి. మొదటిసారి మనం చూడాలనుకున్నదే చూస్తాం.

ఈ మొత్తంలో మూడు, నాలుగు అంకెలు తారుమారు కావడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ముందు స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని తూటా బయటపడుతుంది, అది చూసి మనసు నిమ్మళిస్తుంది. కానీ మ్యాగజైన్ ఇంకా లోపలే ఉంది కనుక స్లైడ్ ముందుకొస్తూ ఇంకో తూటాను ఎక్కించేస్తుంది. ఆపైన మ్యాగజైన్ తీసినా లాభం లేదు. తూటా బయటపడడం కళ్లారా చూశారు, మ్యాగజైన్ చేతిలో ఉంది, పిస్టల్ మాత్రం నిండుగా ఉంది.

చివరి తూటా అయిపోగానే చాలా పిస్టళ్లలో స్లైడ్ వెనక్కి నిలిచిపోతుంది. నిలిచినప్పుడు మంచి సూచనే. నిలవలేదు కనుక తూటా ఉందనీ, నిలిచింది కనుక లేదనీ తీర్మానించకండి. మ్యాగజైన్ స్ప్రింగు అలసిపోయినా, బొటనవేలు స్లైడ్ స్టాప్ మీద ఆనినా ఆ సూచన తప్పుతుంది.

రేంజ్‌లో కాల్చడం

కళ్లద్దాలు, చెవులకు రక్షణ ముందు పెట్టుకోండి, తరువాతే కాల్పుల లైను దగ్గరకు వెళ్లండి. పిస్టల్ చప్పుడు 150 డెసిబెళ్లు దాటుతుంది. 140 దాటిన చప్పుడు ఒక్కసారి విన్నా వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. మూసిన గదిలో రేంజ్ అయితే చెవి బిరడాలు, వాటి మీద ఇయర్‌మఫ్‌లు రెండూ వాడడం మంచిది. మెడ దగ్గర వదులుగా ఉన్న చొక్కా వద్దు. కాలే ఇత్తడి తొడుగు కాలర్‌లో పడితే మనిషి గిరుక్కున తిరుగుతాడు, చేతిలోని పిస్టల్ కూడా తిరుగుతుంది. పడినా సరే, ముందు మూతి లక్ష్యం వైపే ఉంచి, వేలు తీసి, పిస్టల్ కింద పెట్టి, ఆ తరువాత చొక్కా దులుపుకోండి.

పిస్టల్ మీద ముద్రించిన తూటా పరిమాణం, పెట్టె మీద ఉన్నది అక్షరం తేడా లేకుండా సరిపోలాలి. రెండింటి మీదా 9 మిల్లీమీటర్లు అని ఉంటే చాలదు, 9 మిల్లీమీటర్ల తూటాల్లో పొడవులు వేరైనవి చాలా ఉన్నాయి.

పట్టు విషయానికి వస్తే, ఆధిపత్యం ఉన్న చేతిని పిడి మీద వీలైనంత పైకి పట్టండి. రెండో చేతి వేళ్లు దాని మీదుగా చుట్టుకోవాలి. రెండు బొటనవేళ్లూ ఒకే పక్కన ముందుకు చూస్తూ ఉండాలి. రివాల్వర్ అలవాటున్నవారు ఒక బొటనవేలిని మరో చేతి మీదుగా వెనుక వైపు అడ్డంగా వేస్తారు. పిస్టల్‌లో అది స్లైడ్ దారి, వేలి చర్మం లేచిపోతుంది. మణికట్టు వదులుగా ఉన్నా ఇబ్బందే. ఫ్రేమ్ కదలకుండా నిలిస్తేనే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్తుంది, చేయి కూడా దానితో పాటు వెనక్కి పోతే చక్రం సగంలో ఆగి తొడుగు ఇరుక్కుంటుంది. యంత్రం చెడిపోయిందని వాపోయేవారిలో కొందరి పిస్టళ్లు శిక్షకుడి చేతిలో చక్కగా పనిచేయడానికి కారణం ఇదే.

మొదటి రోజుల్లో మ్యాగజైన్‌లో ఒకే ఒక్క తూటా పెట్టి కాల్చండి. కుదుపుకు బెదిరి వేలు అనుకోకుండా రెండోసారి నొక్కుకుపోవడం కొత్తవారిలో సాధారణం, అప్పటికి మూతి పైకి లేచి ఉంటుంది. ఒక్క తూటాతో ఆ గండం ఉండదు.

హ్యామర్ ఉన్న కొన్ని పిస్టళ్లలో మొదటి తూటాకు ట్రిగ్గర్‌ను బలంగా, దూరంగా లాగాలి. తరువాతి తూటాలకు హ్యామర్ ముందే ఎక్కి ఉంటుంది కనుక చాలా తక్కువ బలం చాలు. ఈ తేడా చేతికి అలవాటు కానంతవరకు రెండో తూటా మీరు అనుకున్నదానికంటే ముందే పేలుతుంది. కాల్పు ఆపాక ఎక్కిన హ్యామర్‌ను దించడానికి డీకాకింగ్ మీట ఉంటే అదే వాడండి. లేకపోతే పిస్టల్ ఖాళీ చేయండి. బొటనవేలితో పట్టి ట్రిగ్గర్ నొక్కి దించే పద్ధతిలో వేలు జారితే తూటా పేలినట్టే.

పేలకపోతే

"టక్" అని మాత్రమే వినిపిస్తే వేలు వెంటనే తీసేసి, మూతిని లక్ష్యాల వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. అరుదుగానే అయినా ప్రైమర్ ఆలస్యంగా అంటుకోవడం ఉంది. ఇలాంటప్పుడు కొత్తవారు చేసే పని పిస్టల్‌ను తిప్పి మూతిలోకి చూడడమో, శిక్షకుడి వైపు తిరిగి "ఇది పనిచేయడం లేదు" అని చూపించడమో. మీరు కదలకండి, శిక్షకుడే మీ దగ్గరకు వస్తారు. సమయం గడిచాక పైన చెప్పిన క్రమంలోనే ఖాళీ చేయండి.

చప్పుడు మామూలుకంటే మెత్తగా, కుదుపు బాగా తక్కువగా అనిపిస్తే అసలు ఇంకోసారి కాల్చవద్దు. మందు తక్కువైన తూటాలో బుల్లెట్ గొట్టం మధ్యలోనే ఆగిపోయి ఉండవచ్చు. దాని వెనుక ఇంకో బుల్లెట్ వెళ్తే గొట్టం ఉబ్బుతుంది లేదా పగులుతుంది. ఆ పిస్టల్‌ను ఖాళీ చేసి నిపుణుడికి అప్పగించండి.

చేతులు మారేటప్పుడు

ఎవరికైనా ఇచ్చేటప్పుడు మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి బిగించి, ఖాళీ ఛాంబర్ చూపించి, పిడి వైపు అందించండి. తీసుకున్నవారు మళ్లీ తనిఖీ చేయాలి. "ఇప్పుడే చూశాను కదా" అని నొచ్చుకునే మనిషి తుపాకీ దగ్గర ఉండదగినవాడు కాదని నా అభిప్రాయం.

పిస్టల్ చేయి జారితే పడనివ్వండి. గాలిలో పట్టుకోబోతే వేలు వెళ్లేది చాలాసార్లు ట్రిగ్గర్ మీదికే. ఒరలో పెట్టేటప్పుడు కంటితో చూస్తూ, నెమ్మదిగా పెట్టండి. చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ గార్డులో చిక్కుకుని వేలు చేసే పనే చేయగలదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పని ఒరను వాడకండి.

శుభ్రం చేయడం, దాచడం

శుభ్రం చేసే గదిలో తూటాలు ఉండకూడదు, ఒక్కటి కూడా. గ్లాక్ వంటి కొన్ని పిస్టళ్లను విడదీయాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి, తనిఖీ సరిగా చేయనివారు దొరికిపోయేది అక్కడే. అందుకే విడదీయడానికి కూర్చున్నాక కూడా ఛాంబర్‌ను మళ్లీ చూసి, మూతిని గట్టి గోడ వైపో నేల వైపో పెట్టి అప్పుడే నొక్కండి. బ్యారెల్‌ను ఛాంబర్ వైపు నుంచి మూతి దిశగా బ్రష్‌తో తోమి, తయారీదారు చెప్పిన చోట్ల మాత్రమే పలుచగా నూనె వేయండి. నూనె ఎక్కువైతే మసి ముద్దకట్టి స్లైడ్ మందగిస్తుంది.

బుల్లెట్లలో సీసం ఉంటుంది, చాలా ప్రైమర్లలోనూ ఉంటుంది. కాల్చాక, శుభ్రం చేశాక చేతులు, ముఖం చల్లని నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కోండి. ఆ లోపు ఏమీ తినవద్దు, పొగ తాగవద్దు. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి.

దాచేటప్పుడు పిస్టల్ ఖాళీగా, తాళం వేసిన ఉక్కు పెట్టెలో ఉండాలి. తూటాలు వేరే తాళం కింద ఉండాలి. రెండు తాళం చెవులూ ఒకే గుత్తిలో ఉంటే రెండు తాళాలు వేసిన ప్రయోజనం పోతుంది. ఎత్తైన అలమర, దిండు కింద, బట్టల మడతల మధ్య ఇవేవీ దాచే చోట్లు కావు. పిల్లలకు ఇంట్లో తెలియని మూల ఉండదు. మీ ఇంట్లో ఎవరైనా తీవ్రమైన నిరాశలో, మానసిక క్షోభలో ఉంటే తాళం ఒక్కటే సరిపోదు, ఆ రోజులు గడిచేదాకా పిస్టల్‌ను చట్టం అనుమతించే మార్గంలో ఇంటి బయట భద్రపరచండి.